రాజీనామాకు ముందు ఇంట్లో చెప్పాల్సిన లెక్క

 

నేను చిత్తూరు జిల్లాలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని. ఈ రోజు పట్టా అందుకున్న మీకు ఉద్యోగం ఎలా సంపాదించాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఉద్యోగం మారే రెండు మూడు నెలల్లో ఇల్లు ఎలా నడవాలో చెప్పేవాళ్లు తక్కువ. సరిగ్గా ఆ నెలల్లోనే మీలాంటి పిల్లల తల్లులు మెడలో గొలుసు తీసి కుదువ పెట్టడానికి బ్యాంకుకు రావడం ఎన్నో ఏళ్లు చూశాను. అందుకే ఈ రోజు ఆ సంగతే మాట్లాడతాను.

మీరు ఉద్యోగాలు మారతారు. రేణిగుంటలోనో శ్రీసిటీలోనో మొదలుపెట్టి చెన్నైకో బెంగళూరుకో వెళ్తారు. మారడం మంచిదే. మొదటి జీతం దగ్గరే ఆగిపోవాలని నేను ఎవరికీ చెప్పను. ఒక్కటే కోరతాను. రాజీనామా ఉత్తరం మేనేజరుకు పంపే ముందు ఇంట్లో లెక్క చెప్పండి. ఉద్యోగం మీ ఒక్కరిదే కావచ్చు, దాని మీద ఆధారపడిన కంతులు ఇంటిల్లిపాదివీ.

మీ అమ్మానాన్నల తరంలో చాలామందికి ఈ మార్పు అడగకుండానే వచ్చిపడింది. 2002లో చిత్తూరు సహకార డెయిరీ మూతపడింది. ఆ తర్వాత గాజులమండ్యంలో, చిత్తూరులో సహకార చక్కెర ఫ్యాక్టరీలు క్రషింగ్ ఆపేశాయి. కరోనా వల్ల 2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనం ఆగింది. జూన్ రెండో వారం దాకా కొండకు యాత్రికులు లేరు. లాడ్జి గదులు ఊడ్చేవాళ్లు, జీపు డ్రైవర్లు, పూలు కట్టి అమ్మేవాళ్లు, బొమ్మల కొట్ల వాళ్లు, ఇలా తిరుపతిలో సగం ఊరికి రోజు కూలి పోయింది. అప్పుడు తట్టుకుని నిలబడ్డ ఇళ్లను గుర్తు చేసుకుంటే నాకు రెండు విషయాలు కనిపిస్తాయి. ఆ ఇళ్లలో రాబడికి రెండో దారి ఉండేది. కొట్టంలో రెండు ఆవులు, పదిహేను రోజులకొకసారి పాల బిల్లు, లేదా ఇల్లాలి కుట్టుపని. అంతకన్నా ముఖ్యం, ఎంత అప్పుందో, ఎవరికి ఎంత కట్టాలో ఇంట్లో అందరికీ తెలుసు. దాచిపెట్టిన అప్పులున్న ఇళ్లే ముందు కూలాయి.

ఇక మీ లెక్కకు వద్దాం. ప్యాకేజీ 4 లక్షల 20 వేలని మీరు ఇంట్లో చెబుతారు. నాయన దాన్ని పన్నెండుతో భాగించి నెలకు 35 వేలు అనుకుంటాడు. ఊళ్లో కూడా అదే చెబుతాడు, చెప్పుకోవడం ఆయనకు సంతోషం. ఆ కాగితాన్ని ఒకసారి విప్పి చూడండి. అందులో నూటికి పది వేరియబుల్ పే అయితే 3,500 నెలనెలా రాదు. బేసిక్ 15 వేలైతే కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కింద చూపించే సుమారు 720 కూడా ప్యాకేజీలోనివే. మీ వాటా పీఎఫ్ ఇంకో 1,800, వృత్తి పన్ను 200. చివరికి చేతికొచ్చేది 27 వేల లోపు. నాయన ఆ 35 వేలు నమ్మి చెల్లెలి పెళ్లికి మాట ఇస్తాడు, లేదా ఎండిపోయిన బోరు పక్కన ఇంకో బోరు వేయడానికి అప్పు తెస్తాడు. తేడా ఎనిమిది వేలు. ఆ ఎనిమిది వేలు ఎవరూ ఎవరికీ చెప్పకపోవడం వల్లనే తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లు నాకు తెలుసు. ప్యాకేజీ చెప్పకండి, చేతికొచ్చేది చెప్పండి.

ఉద్యోగం మారేటప్పుడు ఇది ఇంకా బిగుసుకుంటుంది. పాతచోట నోటీసు 30 రోజులు ఉండవచ్చు, 90 రోజులూ ఉండవచ్చు. లెక్కలన్నీ తేలేదాకా చివరి నెల జీతం ఆపే కంపెనీలున్నాయి. కొత్తచోట ఆ నెల జీతాల పట్టీ సిద్ధమయ్యాక చేరితే, మీ జీతం వచ్చే నెలతో కలిపి వస్తుంది. అంటే రెండు నెలలు ఖాతాలో ఏమీ పడదు. పైగా పది నెలల అద్దె అడ్వాన్సుగా అడిగే అలవాటున్న ఊరు బెంగళూరు. బండి కంతు మాత్రం అయిదో తేదీన ఆటో డెబిట్‌కు వస్తుంది. ఖాతాలో డబ్బు లేకపోతే జరిమానా పడుతుంది, అప్పుల చరిత్ర చూపే సిబిల్‌లో మచ్చ పడుతుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. మీలో చాలామంది ఫీజు కట్టింది అమ్మ డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పుతో. సంఘంలో పది పదిహేను మంది ఆడవాళ్లు ఒకరికొకరు పూచీ. ఒక ఇంటి కంతు ఆగితే మిగతావాళ్లు తలా కొంత వేసి కట్టాలి, లేకపోతే సంఘం మొత్తానికి తర్వాతి అప్పు కష్టమవుతుంది. మీ జీతం బెంగళూరులో పది రోజులు ఆలస్యమైతే, పుంగనూరు పక్క పల్లెలో సంఘం సమావేశంలో మీ అమ్మ తల వంచుకుని కూర్చోవాలి. ఆ రోజు ఆమె మీకు ఫోన్ చేయదు. పక్కింట్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టేస్తుంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 24, మూడు రూపాయలంటే 36. మీకు కొత్తచోట పెరిగిన జీతం ఎటుపోయిందో ఆ తర్వాత ఎవరికీ అర్థం కాదు.

కాబట్టి మొదటి ఉద్యోగంలో చేరిన రోజు నుంచే మూడు నెలల ఇంటి ఖర్చు, కంతులతో కలిపి, వేరే ఖాతాలో చేర్చుకోండి. రికరింగ్ డిపాజిట్ చాలు, పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. ఏడాదిన్నర పట్టినా ఫరవాలేదు. అది చేరేదాకా రాజీనామా ఆలోచన వాయిదా వేయగలిగితే వేయండి. చీటీ పాడి గడుపుకొందామంటారేమో. చీటీ కంతు కూడా జీతం లేని ఆ నెలల్లోనే కట్టాలని మరవద్దు.

పీఎఫ్ సంగతి. 2014 నుంచి పీఎఫ్ ఉన్న ప్రతి ఉద్యోగికీ యూఏఎన్ అనే 12 అంకెల నంబరు ఒక్కటే. కంపెనీ మారినా నంబరు మారదు. మారిన ప్రతిసారీ పాత డబ్బు తీసి ఫోన్లు కొనుక్కోవడం మీ వయసువాళ్లలో మామూలైపోయింది, అది చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే దాని మీద పన్ను పడుతుంది. పెన్షన్ పథకంలో పదేళ్లు నిండితేనే నెలనెలా పింఛను వస్తుంది. బదిలీ చేసుకుంటే పాత ఏళ్లూ లెక్కలోకి వస్తాయి, తీసేసుకుంటే మళ్లీ మొదటికి రావాలి. మన దగ్గర ఇంకో చిక్కుంది. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం ఉంటుంది. ఆ తేడాకు క్లెయిములు తిరిగొస్తాయి. చేరే ముందే పేర్లు ఒకేలా ఉండేటట్లు సరిచేసుకోండి. గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్లు కావాలి. నాలుగున్నరేళ్ల దగ్గర మారేవాళ్లు ఆ ఆరు నెలల విలువ కట్టి చూసుకోండి.

వైద్యం గురించి ఎవరూ అడగరు. నెల జీతం 21 వేల లోపు ఉన్నంతకాలం మీకు ఈఎస్ఐ వైద్య బీమా ఉంటుంది. మీ మీద ఆధారపడిన అమ్మానాన్నలకు కూడా తిరుపతి ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం అందుతుంది. కొత్తచోట జీతం 24 వేలైతే ఆ రక్షణ ఎక్కువ కాలం నిలవదు. కంపెనీ ఇన్సూరెన్సులో తల్లిదండ్రులు ఉన్నారో లేదో చాలామంది ఆఫర్ లెటర్‌లో చూడనే చూడరు. నాయనకు షుగరు, అమ్మకు బీపీ ఉన్న ఇంట్లో, తిరుపతి స్విమ్స్ ఆసుపత్రికో వేలూరు సీఎంసీకో ఒక్కసారి పరుగెత్తితే ఆ ఖర్చు తీరడానికి పెరిగిన మూడు వేలు ఎన్నేళ్లు కూడబెట్టాలి? అడగండి. హెచ్ఆర్ వాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. చట్టం 26 వారాల ప్రసూతి సెలవు ఇస్తుంది. అయితే ప్రసవానికి ముందు పన్నెండు నెలల్లో ఆ సంస్థలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. బిడ్డ కావాలనుకునే ఏడాదిలో ఉద్యోగం మారేటట్లయితే ఈ 80 రోజులు ముందే లెక్కపెట్టుకోండి.

మగపిల్లలూ ఇది వినండి. ఎనిమిది వేలు ఎక్కువ వస్తాయని మీరు చెన్నైకి మారతారు. తిరుపతిలో 18 వేల ఉద్యోగం చేసుకుంటున్న భార్య మానేసి వెంట వస్తుంది. ఇంటికి వచ్చింది ఎనిమిది, పోయింది పద్దెనిమిది. అయినా అందరూ అభినందిస్తారు, ఎందుకంటే ఆమె జీతాన్ని ఎవరూ లెక్కలో వేయరు. ఇది అన్యాయం, లెక్క ప్రకారం కూడా తప్పు. ఆమె చెన్నైలో ఉద్యోగం చూసుకునేదాకా ఆరు నెలలు మీరే ఆదివారం రాత్రి బస్సెక్కండి. కుప్పం నుంచి రోజూ రైలెక్కి బెంగళూరులో పనిచేసి ఇంటికొచ్చేవాళ్లున్నారు. ఇల్లు కదలకుండా ఉండడానికి వాళ్లు పడే శ్రమను చిన్నచూపు చూడకండి. బడికి పోయే పిల్లలుంటే మార్పును వేసవి సెలవుల దాకా ఆపగలరేమో కంపెనీని అడగండి. అడిగినవాళ్లలో కొందరి విషయంలోనైనా ఒప్పుకుంటారు.

ఇప్పుడు మీ పక్కన అమ్మానాన్నలు కూర్చుని ఉన్నారు. మీ చదువుకు ఎక్కడెక్కడ అప్పు తెచ్చారో ఇన్నాళ్లు మీకు చెప్పి ఉండరు, చదువు పాడవుతుందని. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక ఒక కాగితం తీసుకుని అడగండి. బ్యాంకుకు ఎంత, సంఘానికి ఎంత, బంగారం ఎక్కడుంది, చేబదులు ఎవరి దగ్గర, వడ్డీ ఎంత. వాళ్లు మాట దాటేస్తే మళ్లీ అడగండి. మొదటి ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేటప్పుడు ఆ కాగితం పక్కనే పెట్టుకోండి. రెండో ఆఫర్ వచ్చినప్పుడు కూడా.