ప్రెస్ నుంచి పీఆర్‌కి: మన సురవరం గారి దగ్గర నేర్చుకునేది

ఈ ఎపిసోడ్ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ. పత్రికలోనో, పుస్తకాల ప్రెస్‌లోనో డీటీపీ, ప్రూఫ్ రీడింగ్ చేశారు. పని తగ్గుతోంది. "అన్నా, ఆన్‌లైన్ పీఆర్‌లోకి వస్తే ఇన్నేళ్ల పని గంగలో కలిసినట్టేనా?" అని మీ డౌట్.

కానే కాదు. మన ప్రాంతపు పెద్దాయన కథ ఒకటి చెప్తా, వినండి.

సురవరం ప్రతాపరెడ్డి గారు 1896లో పుట్టారు. సొంతూరు ఇటిక్యాలపాడు, ఇప్పుడది జోగులాంబ గద్వాల జిల్లా. లా చదివిన మనిషి, 1926లో హైదరాబాద్‌లో గోల్కొండ పత్రిక మొదలుపెట్టారు. అప్పట్లో తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాట అచ్చులో వచ్చింది. ఇవాళైతే దీన్ని రెప్యుటేషన్ క్రైసిస్ అంటాం. ఆయనేం చేశారు? ఊరూరి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోల్కొండ కవుల సంచిక అచ్చేశారు. అంతే, ఎదుటివాళ్లకి మాట లేదు!

చూశారా, గొంతు పెంచలేదు, ఆధారం పెంచారు. పీఆర్‌లో అసలు పని ఇదే. పేరు, ఊరు, తేదీ సరిచూడటం, పెద్ద విషయాన్ని నాలుగు లైన్లలో చెప్పడం, చెప్పిన టైముకి ఇవ్వడం మీకు ప్రెస్‌లోనే అలవాటైంది.

ఇక కొత్తగా నేర్చుకోవాల్సినవి. పేపర్ పొద్దున వస్తే సాయంత్రానికి పాతబడుతుంది. ఆన్‌లైన్‌లో రాసింది ఏళ్ల తర్వాత కూడా సెర్చ్‌లో దొరుకుతుంది. కాబట్టి జనం ఏ మాటలతో వెతుకుతారో చూడాలి. గూగుల్ మ్యాప్స్‌లో షాపు వివరాలు సరిగ్గా పెట్టాలి. చెడ్డ రివ్యూ వస్తే కోప్పడకుండా జవాబు రాయాలి.

ఉదాహరణకి గద్వాల చీర తీసుకుందాం. ఒంటికి నూలు, అంచుకీ కొంగుకీ పట్టు. రెండింటినీ మగ్గం మీదే కలుపుతూ నేస్తారు. దీనికి జీఐ గుర్తింపు కూడా ఉంది. అయినా పవర్‌లూమ్ చీరని 'గద్వాల' అని ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లున్నారు. "మా చీర సూపర్" అని వంద పోస్టులు పెట్టినా లాభం లేదు. అంచు కలిసే చోటు దగ్గరగా తీసిన వీడియో ఒకటి, నేసినవాళ్ల మాట, హ్యాండ్‌లూమ్ మార్క్, ధర ఎందుకంతో రెండు లైన్లు. కొనేవాళ్లకి తేడా తెలిసిందంటే నేతన్నకి కూలి గిట్టుతుంది.

ఇప్పుడు జాగ్రత్త. ఎవరో ఒకరు అడుగుతారు: "రాత్రికి యాభై ఫేక్ రివ్యూలు రాసిపెట్టు, డబ్బులిస్తా." అద్దె కట్టాల్సిన నెలలో ఆ మాట తియ్యగానే ఉంటుంది. ఒప్పుకోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. డబ్బు తీసుకుని పెట్టే పోస్టుకి అది ప్రకటన అని కనిపించేలా రాయాల్సిందే. జరిమానా సంగతి అటుంచండి, చిన్న ఊళ్లో పేరు పోతే మళ్లీ రాదు.

ఎలా మొదలుపెట్టాలి? ఉన్న ఉద్యోగం వెంటనే మానకండి. మీకు తెలిసిన ఒక మగ్గమో, మామిడి తోటో, కోచింగ్ సెంటరో ఎంచుకోండి. మూడు నెలలు పని చేయండి. ఏం చేస్తారో, నెలకెంతో కాగితం మీద రాసుకోండి. మొదట్లో ఎన్ని ఫోన్లు వచ్చేవి, ఇప్పుడెన్ని వస్తున్నాయి, లెక్క పెట్టండి. రెండో క్లయింట్‌కి చూపించాల్సింది ఆ లెక్కే.

సురవరం గారు 1952లో వనపర్తి నుంచి శాసనసభకి గెలిచారు. 1953లో పోయారు. ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకి 1955లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మనిషి లేకపోయినా చేసిన పని మాట్లాడింది. మీ క్లయింట్ గురించి రాసే ప్రతి లైన్ కూడా అలా నిలబడేలా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి!