డబ్బా మీద ఎవరి పేరు?

(సమాఖ్య సర్వసభ్య సమావేశంలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగం, 2024-25)



పొదుపు, అప్పులు, రికవరీ లెక్కలు ఇప్పటికే విన్నారు. మేము ఒక్క విషయమే మాట్లాడతాం. మన సంఘాల్లో ఇంట్లో వండి అమ్మే అక్కలు చాలామంది ఉన్నారు. ఆవకాయ, కారప్పొడి, అరిసెలు, జంతికలు, సున్నుండలు. సరుకు బాగుంటుంది, అడిగి మరీ తీసుకుంటారు. కానీ చాలా చోట్ల జరిగేదేమిటి? మనం కవర్లలో కట్టి కిలోల లెక్కన దుకాణానికి వేస్తాం. దుకాణం ఆయన డబ్బాల్లో నింపి తన స్టిక్కరు అంటించుకుంటాడు. తిన్నవాళ్లకు మళ్లీ కావాలంటే ఆ దుకాణానికే పోతారు గానీ మన ఇంటికి రారు. ఎందుకమ్మా ఇలా అంటే, "మాకు లైసెన్సు లేదు కదా" అంటారు.

ఆ కాగితం మీరనుకున్నంత దూరంలో లేదు. ఆహార భద్రత సంస్థ, అంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లో, 2024-25లో ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకం ఉన్నవాళ్లకు పెద్ద లైసెన్సు అక్కర్లేకపోయింది. రిజిస్ట్రేషన్ సరిపోయేది. 12 లక్షలంటే లాభం కాదు, మొత్తం అమ్మకం. నెలకు లక్ష. మనలో ఎంతమందిమి అక్కడిదాకా వచ్చాం చెప్పండి! అప్పుడు ఫీజు ఏడాదికి 100 రూపాయలు ఉండేది, ఒకేసారి ఐదేళ్ల వరకూ కట్టుకునే వీలుండేది. ఫోస్కోస్ అనే వెబ్‌సైటులో ఫారం-ఎ నింపాలి. దరఖాస్తు అందిన 7 రోజుల్లో అధికారులు రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, లేదంటే ఎందుకు ఇవ్వడం లేదో చెప్పాలి, లేదా తనిఖీకి వస్తామని నోటీసు ఇవ్వాలి. ఇంత చిన్న ఫీజు పనికి ఎవరైనా వెయ్యి, రెండు వేలు అడిగితే ఇవ్వకండి.

దరఖాస్తు వండే అక్క పేరు మీదే పెట్టండి. "మా ఆయన పేరు మీద పెడితే ఏమవుతుంది" అని కొందరు అడిగారు. తప్పేమీ కాదు. కానీ పొయ్యి దగ్గర నిలబడేది మీరు, రేపు బ్యాంకులో అప్పు అడగాల్సిందీ మీరు. చేతిలో ఉన్న కాగితం మీ పేరు చెప్పాలి కదా. ఇంకో మాట. ఆ 14 అంకెల నంబరు ఆ మనిషికి, ఆ వంటింటికి ఇచ్చింది. పక్కింటి అక్క నంబరు మన డబ్బా మీద వేసుకోకూడదు. రిజిస్ట్రేషన్ నంబరు 2తో మొదలవుతుంది, లైసెన్సు అయితే 1తో. ఎవరైనా నంబరు చూపిస్తే ఆ మొదటి అంకె చూడండి.

నంబరు వచ్చాక లేబులు. సరుకు పేరు, ఏది ఎక్కువ పడిందో అది ముందు వచ్చేలా దినుసులు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, ఎన్నాళ్లలోపు వాడాలో ఆ తేదీ, బ్యాచ్ నంబరు, మీ పేరు, చిరునామా, ఫోను, శాకాహారం అయితే పచ్చ గుర్తు. ఇవి ముఖ్యమైనవి. నికర బరువంటే లోపలి సరుకు బరువు, సీసా బరువు కలపకూడదు. డాల్డా వేసి నెయ్యి అని రాయకూడదు. పల్లీలు, పాల పదార్థాలు ఉంటే విడిగా చెప్పాలి, కొందరికి అవి పడవు.

పచ్చడికి తడే శత్రువు. నూనెలో పెట్టే పచ్చళ్లకు, ముక్కల పైన అర సెంటీమీటరు మందాన నూనె తేలాలని, లేదా నూనె 10 శాతానికి తగ్గకూడదని నిబంధనలే చెబుతున్నాయి. మన అమ్మమ్మలు జాడీలోకి తొంగి చూసి "నూనె చాల్లేదే" అనేది కూడా ఇదే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పొడులు, పిండివంటలతో మొదలుపెడితే మేలని మా అభిప్రాయం. చికెన్, రొయ్యల పచ్చళ్ల జోలికి అప్పుడే వెళ్లొద్దు.

ఇక మేము అసలు చెప్పాలనుకున్నది ధర గురించి. సున్నుండలే తీసుకుందాం. మీ ఊరి ధరలు వేరుగా ఉంటే అవి వేసుకోండి. కిలో మినుములు 140, కిలో బెల్లం 60, అరకిలో నెయ్యి 300, గ్యాసు, మిల్లు కలిపి 50, డబ్బాలు, లేబుళ్లు 50. మొత్తం 600. ఉండలు దాదాపు రెండు కిలోల నాలుగు వందల గ్రాములు వస్తాయి. కిలో 250 పడింది, 300కి అమ్మాం, కిలోకి 50 లాభం అనుకుంటాం. మొత్తం మీద మిగిలింది 120 రూపాయలు. వేయించి, విసిరి, ఉండలు కట్టడానికి ఇద్దరు ఒక పూటంతా కూర్చున్నారు. 2024-25లో ఉపాధి హామీ కూలి రోజుకు 300 ఉండేది. పూటకు 150 చొప్పున ఇద్దరికీ 300 రావాలి. అంటే 120 లాభం కాదు, కూలిలో 180 నష్టం. కూలి కలిపితే ఖర్చే కిలోకి 375. లాభం దానిపైన రావాలి. అత్తగారు ఓ చెయ్యి వేస్తే ఆవిడకూ కూలి కట్టండి, నవ్వుకోవద్దు!

"అంత ధర చెబితే ఎవరు కొంటారు" అనే భయం న్యాయమైనదే. దుకాణానికి మారుబేరానికి వేస్తే రాదు. మన పేరు, మన నంబరు డబ్బా మీద ఉంటే పెళ్లిళ్లకు, పక్క ఊళ్లకు, పట్నంలో ఉన్న పిల్లలకు నేరుగా పంపొచ్చు. అక్కడ ఆ ధర వస్తుంది.

పెట్టుబడికి 2024-25లో పీఎంఎఫ్ఎంఈ పథకం ఉండేది. 2020లో వచ్చింది. ఆహార తయారీలో ఉన్న సంఘ సభ్యురాలికి 40,000 రూపాయల వరకు, చిన్న పనిముట్లకు, సరుకులకు. ప్రభుత్వం సమాఖ్యకు గ్రాంటుగా ఇచ్చేది, సభ్యురాలికి మాత్రం అది అప్పే, సంఘానికి తిరిగి కట్టాల్సి ఉండేది. ఉచితం అనుకుని తీసుకుని తర్వాత గొడవపడొద్దు.

వచ్చే గ్రామైక్య సంఘం సమావేశానికి ఆధార్, ఫోటో, కరెంటు బిల్లు, ఒక నెల అమ్మకాల లెక్క తెచ్చుకోండి. లెక్క రాయడం రాని అక్కలు నోటితో చెబితే చాలు, బుక్ కీపరు పక్కన కూర్చుని రాసిపెడతారు. కూలి గడి ఖాళీగా వదిలేస్తే మాత్రం ఆ కాగితం వెనక్కి ఇస్తాం.