ఒకే బంతిలో

క్రిస్మస్ ముందు వారం మన ఊళ్లలో క్రైస్తవుల ఇళ్లలో గులాబీ పువ్వులూ కజ్జికాయలూ వేగుతుంటే ఆ వాసన వీధి చివరిదాకా వస్తుంది. పండుగనాడు వాటిని పళ్లెంలో సర్ది, మీద గుడ్డ కప్పి, పక్కింటికి పంపుతారు. సంక్రాంతికి అదే పళ్లెం అరిసెలతో తిరిగొస్తుంది. వచ్చిన పళ్లేన్ని వట్టిగా పంపకూడదన్నది మన పెద్దలు నేర్పిన మర్యాద. ఇలా కలిసి తినడానికి క్రైస్తవ సంఘంలో ఒక పాత పేరుంది: ప్రేమ విందు. ఈ రోజు దాని గురించి మాట్లాడుకుందాం.

మొదటి శతాబ్దపు విశ్వాసులు ఇళ్లలో కూడి, రొట్టె విరిచి, కలిసి తినేవారు. గ్రీకులో ఆ విందును అగాపే అన్నారు. చిక్కులు కూడా ఆ రోజుల్లోనే మొదలయ్యాయి. కొరింథులో ఉన్నవాళ్లు ముందే తినేసి, లేనివాళ్లను ఆకలితో ఉంచితే పౌలు గట్టిగా మందలించాడు. అంతియొకయలో పేతురు యూదులు కానివారితో కలిసి తింటూ, తనవాళ్లు కొందరు రాగానే భయపడి పక్కకు తప్పుకున్నాడు. పౌలు అందరి ఎదుటే ఆయన్ని నిలదీశాడు. ఎవరి పక్కన కూర్చుని తింటామో చూస్తే, మనం నమ్మింది ఎంత నిజమో తెలిసిపోతుంది.

బంతి వేరైతే మనిషే వేరనుకున్న సమాజం మనది. అందుకే మన సంస్కర్తలు సహపంక్తి భోజనాలు పెట్టారు.

ఈ మాట చెప్పేటప్పుడు నాకు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గుర్తొస్తారు. ఆయన తెలుగువారు కాదు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళులు. 1903లో అక్కడి క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. దాని స్థాపకుల్లో ఆయనొకరు. ఆ సంఘం పనిచేయడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1909లో ఆయనే అక్కడికి వచ్చి, మొదట గుడారంలో కాపురం పెట్టారు. తెలుగు నేర్చుకున్నారు.

మరుసటి ఏడు, 1910 జూన్‌లో, స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చిన ప్రతినిధులు 1200 మందికి పైనే. అందులో ఆసియావాళ్లు ఇరవై మంది కూడా లేరు. 35 ఏళ్ల అజరయ్య ఆ సభలో లేచి, విదేశీ మిషనరీలకూ భారతీయ సేవకులకూ మధ్య స్నేహం కొరవడిందని ముఖం మీదే చెప్పారు. చేయి కలపడం, కుర్చీ వేయడం, భోజనానికీ టీకీ పిలవడం లాంఛనంగా చేస్తే తమకు అక్కర్లేదనీ, స్నేహంతో చేస్తే అవన్నీ కావాలనీ అన్నారు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, ఇక మాకు కావలసింది స్నేహితులు అన్నది ఆ ప్రసంగ సారం.

1912 డిసెంబరు 29న ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. డోర్నకల్ చుట్టుపక్కల సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఊరు ఇద్దరినీ దూరంగానే ఉంచింది. ఆ ఇద్దరి మధ్య కూడా కలిసి తినని గీత ఉండేది. అలాంటి చోట ప్రభు భోజనపు బల్ల దగ్గర ఒకే రొట్టె, ఒకే గిన్నె పంచుకోవడం ఎంత పెద్ద మాటో ఆలోచించండి. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ కెతీడ్రల్‌లో గుడి తరహా స్తంభాలూ, మసీదు తరహా గుమ్మటాలూ, సిలువా ఒక్కచోట కనిపిస్తాయి. దాని పేరు ఎపిఫనీ కెతీడ్రల్. తూర్పు దేశపు జ్ఞానులు, అంటే పరాయివాళ్లు, శిశువైన యేసును చూడవచ్చిన పండుగ పేరది.

సువార్తలు చదివితే నాకొక సంగతి తోస్తుంది. యేసు విందు పెట్టిన సందర్భాలకన్నా ఒకరింట అతిథిగా కూర్చున్నవే ఎక్కువ కనిపిస్తాయి. జక్కయ్య ఇంట, లేవి ఇంట, మార్త ఇంట. శిష్యులను పంపినప్పుడు కూడా సంచి తీసుకుపోవద్దన్నాడు, ముందు పెట్టినది తినమన్నాడు. పెట్టే చేయి పైన ఉంటుంది. పుచ్చుకునే చేయి కింద ఉంటుంది. ఆ కింద ఉండడం నేర్చుకున్నవాడికే స్నేహం దొరుకుతుంది.

ఆ స్నేహం మతాల మధ్య కూడా కుదరాలంటే, వేరే మతంవాళ్లను విందుకు పిలిచేటప్పుడు వాళ్లేం తింటారో ముందే అడగండి. మాంసం ముట్టని మిత్రుడికి వేరే గిన్నెలో, వేరే గరిటెతో వండండి. ముస్లిం మిత్రుడికి హలాల్ మాంసమే తెండి. భోజనం ముందు మీరు చేసే ప్రార్థన మానొద్దు, రెండు ముక్కల్లో ముగించండి. అడిగితే మీ విశ్వాసం గురించి మనసు విప్పి చెప్పండి. విందును మాత్రం ఎరగా వాడకండి.

వాళ్లు పిలిస్తే తప్పకుండా వెళ్లండి. ప్రసాదం దగ్గర చాలామంది క్రైస్తవులకు మనస్సాక్షి అడ్డొస్తుంది. ఆ మాట ముందే నెమ్మదిగా చెబితే, స్నేహం తెలిసిన ఇల్లాలు నైవేద్యం కాని అన్నం మీ విస్తట్లో వడ్డిస్తుంది. ఆవిడ మీ విశ్వాసాన్ని గౌరవించింది. కడుపునిండా తిని, ఇంకొంచెం పప్పు అడిగి వేయించుకుంటే మీరూ ఆవిడ ప్రేమను గౌరవించినట్టే.