విస్తరి ముందర మనస్సు



ఉపనీతుడైనవాడు భోజనమునకు కూర్చుండి, పరిషేచనము గావించి, ఆపోశనము గ్రహించి, ప్రాణాపానాదులకు అయిదు ఆహుతులు సమర్పించునప్పుడు ఎడమచేతితో విస్తరిని తాకి యుండవలెనని సంప్రదాయము. పాఠశాలలో మా గురువుగారు వడ్డన కంటె మా ఎడమచేతులనే ఎక్కువగా కనిపెట్టుచుండెడివారు. ఆ చేయి తొడమీద నున్నను, విసనకర్ర పట్టినను ఊరకొనెడివారు కారు. అంత పట్టుదల యెందుకో అప్పుడు మాకు తెలియలేదు. నేడు ఏ యింట చూచినను భోజనవేళ ఆ చేతిలో సెల్ ఫోను వెలుగుచున్నది.

ఇతరులను ఆక్షేపించుటకు ముందు మా తప్పు చెప్పుకొందుము. 2020 లో, కరోనా వలన గడప దాటరాని దినములలో, మా మనుమడు మాకొక ఫోను కొనియిచ్చెను. ఇంటర్నెట్‌లో వేదపారాయణములు, ప్రవచనములు కోరినన్ని వినవచ్చునని తెలిసి పొంగిపోతిమి. క్రమముగా దానిని విస్తరి ప్రక్కన నిలుపుకొనుట అలవాటైనది. వినునది వేదమే గదా, దోషమేమి యని మా సమాధానము. ఒకనాడు మా గృహిణి పప్పులో ఉప్పు వేయుట మరచినది. మేము రెండుమారులు వడ్డించుకొని తింటిమి గాని యెరుగలేదు. ఆమె తాను తినునప్పుడు గ్రహించి, "ఉప్పు లేదని ఒక్కమాటైనా చెప్పలేదేమండీ?" అని యడిగినది. తిన్నది ఏ పప్పో కూడ మాకు గుర్తు లేదు. తరువాత కొన్ని నెలలకు రక్తపరీక్షలో చక్కెర హెచ్చినట్లు తేలినది. వయస్సు, కూర్చున్నచోటనే యుండుట మొదలగు కారణములు పెక్కు కలవు. ఫోను మీదనే నింద మోపము. కాని రెండవమారు వడ్డించుకొన్న ఆ అన్నము ఆకలికి తిన్నది కాదని మాకు తెలియును.

చరకసంహిత విమానస్థానము మొదటి అధ్యాయములో భోజనవిధి చెప్పబడినది. మాటలాడక, నవ్వక, తినుదానియందే మనస్సుంచి తినవలెనని అందులో నొక నియమము. అన్యమనస్కుడై తినువానికి, అతివేగముగా తినువానికి వచ్చు దోషములే వచ్చునట. వానిలో ఒకటి, అన్నములోని మంచిచెడ్డలు తెలియకపోవుట. మా ఉప్పులేని పప్పు సంగతి అదియే. మిక్కిలి నెమ్మదిగా తినువానికి తృప్తి కలుగదనియు, వాడు అధికముగా తినుననియు, అన్నము చల్లారిపోవుననియు కూడ అచ్చటనే యున్నది. ఫోను చూచుచు తినువానికి ఈ రెండు విధముల దోషములును కలుగుచున్నవి. చూచుచున్న బొమ్మ వడి హెచ్చినప్పుడు గబగబ మింగును. బొమ్మ రక్తి కట్టినప్పుడు ముద్ద చేతిలోనే యుండిపోవును. మన చిత్తూరు సీమ రాగిసంగటి వేడిమీద నున్నప్పుడే రుచి, చల్లారినచో గట్టిపడును. దానిని త్రుంచి, పులుసులో అద్ది తినుటకు చేయి, కన్ను రెండును కావలెను.

నేటి వైద్యులు చెప్పునదియు దీనికి దూరము కాదు. కడుపు నిండినదను వార్త మెదడునకు పూర్తిగా చేరుటకు సుమారు 20 నిమిషములు పట్టునట. తెర చూచుచు తినువాడు ఆ పూట ఎక్కువ తినుటయే కాక, తిన్న జ్ఞాపకము చాలక తరువాతి పూటయు ఎక్కువ తినునని పరీక్షలలో తేలినది. ఛాందోగ్యములో శ్వేతకేతువు తండ్రి యాజ్ఞచే పదునైదు దినములు నీటితోనే యుండి, చదివిన వేదమును స్మరింపలేకపోయెను. భుజించిన పిమ్మట అంతయు స్మరణకు వచ్చెను. అన్నము లేక ఆయనకు వేదము గుర్తు రాలేదు. వేదము వినుచునే మాకు అన్నము గుర్తు లేకపోయినది!

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము 1954 లో వెలసినప్పటినుండి తిరుపతి విద్యార్థుల పట్టణముగా పెరిగినది. ఇప్పుడు గదులలో పిల్లలు అర్ధరాత్రి వరకు ఫోను చూచి, ఆ ఫోనులోనే తిండి తెప్పించుకొని, తిని పడుకొనుచున్నారు. తెరవెలుగు నిద్రను వెనుకకు నెట్టును. నిద్ర చాలనివానికి మరునాడు ఆకలి పెరుగును, అదియు తీపిమీదికి, నూనెమీదికి పోవును. భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనము 2023 లో వెలువడినది. దాని ప్రకారము మన దేశమున మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల మంది. ఇరువది యేండ్లవారు దీనిని ముసలివారి జబ్బుగా తలచుట మాకు భయము గొల్పుచున్నది.

పసిపిల్లల సంగతి మరింత కష్టము. ఫోను చూపనిదే నోరు తెరువని బిడ్డలున్నారు. "పూర్వము చందమామను చూపలేదా, స్వామీ?" అని ఒక తల్లి మమ్ము అడిగినది. మంచి ప్రశ్న. చందమామను చూపునది తల్లియే, పాడునది తల్లియే. బిడ్డ మొగము త్రిప్పినచో చాలునని ఆమెకు తెలియును. ఫోను చూచు బిడ్డ మొగము త్రిప్పడు, గిన్నె ఖాళీయగువరకు నోరు తెరచుచునే యుండును. చాలునను మాటను బిడ్డ మరచిపోవును. రెండేండ్లలోపు బిడ్డలకు తెర చూపుట తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లోనే చెప్పినది.

వదలుట అసాధ్యమని చెప్పువారు తిరుమలను తలచుకొనవలెను. స్వామి దర్శనమునకు పోవువారు ఫోను అప్పగించి పోవుదురు. వైకుంఠము కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చుందురు. అక్కడ పెట్టిన ఉప్మాయో, అన్నమో చేతికి వచ్చినప్పుడు దానినే చూచి తిందురు. ప్రక్కవారి పిల్లలకు పాలు అందినవో లేదో కూడ విచారింతురు. అన్ని గంటలు ఓర్చినవారికి ఇంట అరగంట కష్టమగునా?

మా యింట ఇప్పుడు భోజనమైనదాక ఫోను ముందరి గదిలోని గూటిలోనే యుండును. మొన్న రసములో చింతపండు కొంచెము హెచ్చినదని మేమంటిమి. మా గృహిణి సంతోషించినదో, కోపించినదో ఇంకను తెలియలేదు.