‘ఆక్స్-బో ఇన్సిడెంట్’ : ఒక చిన్న చిత్రముపై గుణదోష విచారణ



చలనచిత్రములను గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. నేను విమర్శకుడను కాను. సినిమా చూచి ఇంటికి వచ్చిన తరువాత దానిని గురించి ఆలోచించు అలవాటు మాత్రము కలవాడను. కావున పెద్ద సిద్ధాంతముల జోలికి పోక, నా మనస్సును చాలకాలముగా వదలని ఒక చిన్న చిత్రము యొక్క గుణదోషములను మీ ముందుంచెదను. అది 1943లో అమెరికాలో విడుదలయిన ‘ది ఆక్స్-బో ఇన్సిడెంట్’. దర్శకుడు విలియమ్ వెల్మన్. వాల్టర్ వాన్ టిల్బర్గ్ క్లార్క్ 1940లో ప్రకటించిన నవల దీనికి మూలము.

కౌబాయ్ చిత్రమనగానే మన పిల్లలు గుఱ్ఱముల దౌడును, తుపాకుల మోతను ఆశింతురు. ఇందులో అవి బహు స్వల్పము. నిడివి గంటంబావు మాత్రమే. కథ 1885 నాటి నెవాడా ప్రాంతములోనిది. కిన్‌కెయిడ్ అను పశువుల యజమానిని ఎవరో చంపినారని ఊరిలో వార్త పుట్టినది. షెరీఫ్ ఊరిలో లేడు. అతని క్రింది ఉద్యోగి జనమును కూడగట్టి, వారిచే ప్రమాణము చేయించి బయలుదేరదీసినాడు. అతనికి ఆ అధికారము లేదని న్యాయాధిపతి చెప్పినను వినినవారు లేరు. ఆ రాత్రి కొండ కనుమలో మువ్వురు బాటసారులు దొరికినారు. వారివద్ద కిన్‌కెయిడ్ పశువులున్నవి. కొన్నామన్నారు గాని రసీదు లేదు. తరువాత పంపెదనని యజమాని చెప్పినాడన్నారు. నమ్మినవారు కొద్దిమంది. తెల్లవారగానే మువ్వురిని చెట్టుకు ఉరితీసినారు. తిరుగుదారిలో షెరీఫ్ ఎదురుపడి చెప్పిన మాట ఒక్కటే: కిన్‌కెయిడ్ చనిపోలేదు!

ఇక గుణములు. మొదటి గుణము పేదరికమునుండి పుట్టినది. వ్యయము తక్కువ కావలెనని కొండ కనుమను సైతము స్టూడియోలోపలనే కట్టినారు. పడమటి చిత్రములకు సహజమైన విశాలాకాశము ఇచట కనబడదు. చీకటి, చలిమంట, దాని చుట్టును ముఖములు, అంతే. తప్పించుకొనుటకు దారి లేదన్న భావము ప్రేక్షకుని ఊపిరిని సైతము బిగబట్టించును. ధనము సమృద్ధిగా ఉన్నచో ఈ బిగువు వచ్చెడిదో లేదో చెప్పజాలము.

రెండవది, గుంపును చిత్రించిన తీరు. వీరు రాక్షసులు కారు. ఒకనికి మిత్రుడు పోయినాడన్న దుఃఖము. ఒకనికి తన కుమారుని మగవానిగా చేయవలెనను పంతము. మరికొందరికి ఊరక వినోదము. ఎక్కువమందిది మన సామెతలోని ‘నలుగురితో నారాయణ’ ధోరణి. ఉరి వలదని విడిగా వచ్చి నిలబడినవారు ఏడుగురు మాత్రమే. హెన్రీ ఫోండా ధరించిన ప్రధానపాత్ర ఆ ఏడుగురిలో ఒకడు. కాని అతడును ఆపలేకపోయినాడు. కథానాయకుడు ఓడిపోవు కౌబాయ్ చిత్రములు ఆ రోజులలో అరుదు.

మూడవది, లీ విప్పర్ ధరించిన స్పార్క్స్ అను నీగ్రో బోధకుని పాత్ర. తన అన్నదమ్ములలో ఒకనిని ఇట్లే ఉరితీయగా బాల్యములో కన్నులార చూచినవాడతడు. ఆ సోదరుడు నేరము చేసెనో లేదో ఎవరికిని నిశ్చయముగా తెలియదనును. ఆ కొద్దిమాటల వెనుక గొప్ప చరిత్ర కలదు. టస్కిగీ విద్యాసంస్థ లెక్కల ప్రకారము 1882 మొదలు 1968 వరకు ఆ దేశములో 4,743 మంది ఇట్లు మూకల చేతిలో హతులైనారు. అందులో 3,446 మంది నల్లజాతివారు.

దోషములును ఈ మాటతోనే మొదలగును. ఇంతటి చరిత్ర గల విషయమున నల్లజాతివాని అనుభవము ఒక మూలనే నిలిచినది. రెండవది, పగటి దృశ్యములలో తెరలపై వ్రాసిన కొండలు బొమ్మలుగానే కనబడును. చీకటి కాపాడిన పేదరికమును వెలుతురు బయటపెట్టినది. నడుమ నాయకుని పూర్వప్రేయసి బండిలో ఎదురగు ఘట్టము అతుకువలె నున్నది. అన్నిటికంటె పెద్ద దోషము చివరి ఉత్తరము. ఉరికి ముందు మార్టిన్ అను యువకుడు భార్యకు వ్రాసిన జాబది. నవలలో దాని పాఠము మనకు వినిపింపబడదు. చిత్రములో నాయకుడు దానిని పైకి చదువును. చదువువాని కన్నులు మిత్రుని టోపీ అంచుచాటున మరుగుపడునట్లు తీసిన ఆ దృశ్యము చక్కనిదే. కాని చావునకు సిద్ధపడిన గృహస్థు భార్యకు వ్రాసినట్లు గాక, ఆ జాబు ధర్మశాస్త్రోపన్యాసమువలె వినబడును. అంతవరకు మనలను నమ్మిన చిత్రము అచట నమ్మక, నీతిని నోటితో చెప్పినది.

అయినను ఈ చిత్రము మనవంటి ఉద్యోగుల కుటుంబములు చూడదగినది. ఫైలు కదలదని, సంతకము మీద సంతకమెందుకని లోకము మనలను నిందించును. అందు సత్యము లేకపోలేదు. అలసత్వమునకు నియమము ముసుగు కారాదు. కాని ఆ కనుమలో కావలసినది ఒక్క పూట జాప్యము. షెరీఫ్ వచ్చువరకు ఆగియున్నచో మూడు ప్రాణములు నిలిచెడివి. అధికారము లేని క్రింది ఉద్యోగి ఒకడు తన పరిధి దాటకున్నను నిలిచెడివేమో. రసీదు లేకపోవుట అనుమానమునకు కారణము కావచ్చును. శిక్షకు ఆధారము కాజాలదు. విచారణ యనునది సందేహమునకు మనమిచ్చు చోటు.

పదిమంది ఒక్కమాటగా అరచునపుడు పక్కకు వచ్చి నిలబడగల ఏడుగురిలో మనముందుమా? ఇంటికి పోవుచు ఈ ప్రశ్నను మీరును మీ పిల్లలును వేసికొన్నచో నా ప్రసంగము సార్థకమైనట్లే.