కుక్క మింగరానిది మింగినప్పుడు

(సైదాబాద్‌లో పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ఉపన్యాస పాఠం)



మమ్ములను ఈ వేదిక మీద చూడగానే వాటా ధనం, ఆడిట్ అభ్యంతరాలు, బోనస్ పంపకం గురించి మాట్లాడతామని మీలో చాలామంది అనుకొని ఉంటారు. ఈ పూట వాటి జోలికి పోము. కుక్కను గురించి మాట్లాడతాము. నవ్వకండి. కుక్క లేని గేదెల కొట్టం ఈ సైదాబాద్, చంపాపేట వైపు మాకు ఒక్కటీ కనబడలేదు. రాత్రి దాణా గోదాముకు కాపలా అదే, తెల్లవారుజామున పాల క్యాన్లతో పాటు కేంద్రం దాకా వచ్చేదీ అదే. జీతం పద్దులో మాత్రం దాని పేరు ఉండదు.

మేము చదివింది సహకార డిప్లొమా, పశువైద్యం కాదు. అయినా ఈ మాటలు చెప్పడానికి ఒక కారణం ఉన్నది. అందులో మా తప్పు కూడా ఉన్నది కనుక ముందు దానినే చెప్పుకుంటాము.

కొన్నేళ్ళ క్రిందట ఒక సంఘానికి తనిఖీకి వెళ్ళాము. పేరు అనవసరం. దాణా గోదాములో ఎలుకలు సంచులు కొరికి, తవుడు నేలపాలు చేస్తున్నవి. మేము తనిఖీ పుస్తకంలో "ఎలుకల వలన దాణా నష్టం కనబడుచున్నది. వారం దినములలో తగు చర్య గైకొని నివేదించవలెను" అని వ్రాసి, సంతకం చేసి వచ్చాము. ఏ మందు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, కుక్కను ఎక్కడ కట్టాలి అన్నది ఒక్క ముక్క వ్రాయలేదు. కార్యదర్శి విధేయుడైన మనిషి. జింకు ఫాస్ఫైడు తెచ్చి, అందరూ చేసే పద్ధతిలోనే తొంభై ఆరు పాళ్ళ నూకలకు రెండు పాళ్ళ నూనె, రెండు పాళ్ళ మందు కలిపి, కాగితాల మీద పోసి గోదాములో పెట్టించాడు. నూనె వాసన ఎలుకలకే కాదు, కుక్కకూ ఇష్టమే.

తెల్లవారి నాలుగు గంటలకు పాలవాళ్ళు వచ్చేసరికి వాచ్‌మన్ పెంచుకున్న మోతీ మూతికి నల్లటి నూకలు అంటుకొని ఉన్నవి. అక్కడున్న వాళ్ళందరూ మంచివాళ్ళే, అందరికీ తలా ఒక వైద్యం తెలుసు. ఒకరు రెండు చెంబుల ఉప్పునీళ్ళు పోయించారు. మరొకరు పాలు విషానికి విరుగుడని అరలీటరు తాగించారు. పాల సేకరణ మధ్యలో విడిచి ఎట్లా పోతామని ఏడున్నర దాకా ఆగారు. ఈలోగా కుక్క మూసిన గదిలోనే వాంతి చేసుకున్నది. అది కడిగిన పిల్లవాడికి తలనొప్పి, వికారం పట్టుకున్నవి. ఆటో ఎక్కించారు గాని ఆసుపత్రి దాకా అది బతకలేదు.

అక్కడి డాక్టరుగారు చెప్పినది మేము తరువాత విన్నాము. జింకు ఫాస్ఫైడు కడుపులోని ఆమ్లంతో కలిసినప్పుడు ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. చంపేది ఆ వాయువే. ఏదైనా తినిపిస్తే ఆమ్లం మరింత ఊరి, వాయువు మరింత పుడుతుంది. వాంతిలో నుంచి వచ్చే వాయువు దగ్గరున్న మనుషులకూ ప్రమాదమే, కనుక అటువంటి కుక్కను ఆరుబయట ఉంచాలి, బండిలో అద్దాలు దించి తీసుకుపోవాలి. ఉప్పునీళ్ళ వలన రక్తంలో ఉప్పు పెరిగి, ఫిట్స్ వచ్చి, విషం లేని కుక్క కూడా చనిపోవచ్చు. అంటే ఆ పూట మోతీకి విషం ఒకటి, వైద్యాలు రెండు.

తరువాతి తనిఖీలో వాచ్‌మన్ మాకు కుర్చీ వేసి, "ఎలుకల పని అయిపోయిందని రాసుకోన్రి సార్" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. మేము వ్రాసుకున్నాము.

ఇక అసలు విషయం. కుక్క ఏదైనా మింగినట్లు తెలిసిన వెంటనే మిగిలిన దానిని దానికి అందకుండా తీసివేసి, ఆ పొట్లం, సీసా, చీటీ ఏది దొరికితే అది చేత పట్టుకోండి. పొట్లం ఎందుకంటే, ఎలుకల మందులన్నీ ఒకటి కావు. జింకు ఫాస్ఫైడుకు విరుగుడు మందు లేదు, గంటలలోనే తేలిపోతుంది. బిస్కట్ల మాదిరి దొరికే బ్రోమాడియోలోన్ అట్లా కాదు. అది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. కుక్క రెండు మూడు రోజులు హుషారుగానే తిరుగుతుంది, ఆ తరువాత చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి, లోపల ఎక్కడి నుంచో నెత్తురు పోవడం మొదలవుతుంది. దానికి విటమిన్ కె-1 అనే మంచి విరుగుడు ఉన్నది, కాని వారాల తరబడి ఇవ్వాలి. పసుపు భాస్వరం కలిసిన పేస్టు మరొక రకం, దాని మీద పాలు, నూనె, నెయ్యి వంటివి పోస్తే విషం ఇంకా త్వరగా ఒంటికి పడుతుంది. పాలమ్ముకొని బతికే మనమే చెప్పవలసి వస్తున్నది గాని, పాలు విరుగుడు కాదు. పంట మందులు, గేదెల పిడుదులకు కొట్టే కొన్ని మందులు తాగితే చొంగ కారి, కంటిపాప సూదిమొనంత అయి, ఒళ్ళు వణుకుతుంది. దానికి అట్రోపిన్ సూది వేస్తారు. పేరు తెలిస్తేనే డాక్టరు ఏ దారి పట్టాలో తేలుతుంది.

రెండవది, గడియారం చూడండి. ఎప్పుడు తిన్నది, ఎంత తిన్నది, కుక్క బరువు సుమారు ఎంత, ఈ మూడు మాటలు ఫోనులో చెప్పగలగాలి. కడుపులో నుంచి విషాన్ని కక్కించడానికి సాధారణంగా ఒకటి రెండు గంటలే అదను. ఆ కక్కించడం కూడా డాక్టరు చెప్పకుండా మీరు చేయవద్దు. ఫినాయిలు, ఆసిడ్, కిరోసిన్, బ్యాటరీ సెల్లు, సూది, మేకు వంటివి మింగినదానిని కక్కిస్తే వచ్చేదారిలో మళ్ళీ కాలుస్తుంది, లేక చీలుస్తుంది. కిరోసిన్ అయితే ఊపిరితిత్తులలోకి దిగుతుంది. స్పృహ లేని కుక్కకు, వణుకుతున్న కుక్కకు నీళ్ళు కూడా పోయరాదు. గొంతులో వేలు పెట్టడం అసలే వద్దు.

దారం తోక బయటకు కనబడితే లాగకండి, అవతలి కొసకు సూది ఉండవచ్చు, ప్రేగు కోసుకుపోతుంది. మామిడి టెంక, మొక్కజొన్న కండె విషం కాకపోయినా ప్రేగుకు అడ్డుపడతాయి. తిన్న రోజు ఏమీ కనబడదు. తరువాత అన్నం ముట్టక, నీళ్ళు తాగినా కక్కుతూ ఉంటే ఎక్స్‌రే తీయించవలసిందే. ఇంట్లో ఉండే చాక్లెట్లు, ఉల్లిపాయలు, ద్రాక్ష, కిస్‌మిస్, మన నొప్పుల మాత్రలు కూడా కుక్కకు చేటు. కలరా ఉండలు కూడా అంతే.

ఇప్పుడు చెప్పేది చెవినిబెట్టి వినండి. దవడ వేలాడి, చొంగ కారుతూ, మింగలేక అవస్థ పడుతున్న కుక్కను చూడగానే "పాపం, ఎముక ఇరుక్కున్నది" అని నోట్లో చేయి పెడతారు. అది ఎముక కాక పిచ్చికుక్క వ్యాధి కావచ్చు. గేదెకూ అంతే. అరుస్తూ, ముక్కుతూ, చొంగ కారుస్తుంటే టెంక ఇరుక్కున్నదని మోచేతి దాకా చేయి పెట్టి తీయబోయేవారు ఉన్నారు. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు. రేబిస్ లక్షణాలు పైకి వచ్చిన తరువాత మనిషి బతకడం లేదనే చెప్పాలి. పొరపాటున చేయి పెట్టినవారు పదిహేను నిమిషాలు సబ్బుతో, ధార నీళ్ళతో కడుక్కొని, ఆ రోజే టీకాకు పోవాలి. మన నగరంలో నారాయణగూడలోని ఐ.పి.ఎం.లోనూ, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలోనూ టీకా వేస్తారు. అటువంటి గేదె పాలు సంఘానికి పోయకండి.

గేదెల మాట వచ్చింది కనుక ఒకటి చెప్పి ముగిస్తాము. కుక్క నోట పెట్టినది తెలుస్తుంది, గేదె మింగినది తెలియదు. నమలకుండా మింగి తరువాత నెమరు వేసే జంతువు కనుక, మేతలో తీగముక్క ఉన్నా లోపలికే పోతుంది. అది రెండవ కడుపులో నిలిచి, అక్కడికి దగ్గరలోనే ఉన్న గుండెకు గుచ్చుకోవచ్చు. టైర్లు కాల్చిన బూడిదలో మిగిలే సన్నతీగలను మేత దగ్గర పారవేయకండి. ఇక ప్లాస్టిక్ సంచులు. పుట్టపర్తిలోని కరుణా సొసైటీవారు ఆవుల కడుపులు కోసి కిలోలకొద్దీ సంచులు తీసి, 2012లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. మిగిలిన అన్నం సంచిలో కట్టి విసిరే చేయి మన వీధిలోదే. కార్యదర్శులకు ఒక మాట: సభ్యుడి పాలు కారణం లేకుండా రోజురోజుకూ తగ్గుతుంటే రిజిస్టరులో ముందు మీకే కనబడుతుంది. కొలత తగ్గిందని అనుమానించే ముందు గేదె సంగతి అడగండి.

మోతీ పోయిన మరుసటి ఏడాది అదే సంఘంలో ఒక అక్క వాళ్ళ కుక్కపిల్ల ఎలుకల బిస్కట్టు మింగింది. ఆమె పాల క్యాను తూకం దగ్గరే వదిలి, పొట్లం కొంగున ముడివేసుకొని, ఆటోలో నారాయణగూడ పశువుల ఆసుపత్రికి పోయింది. కుక్కపిల్ల ఆటోలో గంతులు వేస్తున్నదట. ఏమీ లేనిదానికి ఇంత హడావుడి ఎందుకని వెనుక నవ్వినవారు ఉన్నారు. పొట్లం మీద బ్రోమాడియోలోన్ అని ఉన్నది. కక్కించి, కె-1 మాత్రలు వ్రాసి ఇచ్చారు. నెల తిరిగేసరికి అది కూడా కేంద్రం మెట్ల మీద పడుకొని మా చెప్పులకు కాపలా కాస్తున్నది.

ఆటో దొరకని ఊళ్ళలోని సభ్యులు 1962 నంబరు గుర్తుంచుకోండి. 2017 నుంచి మన రాష్ట్రంలో ఈ నంబరుకు పశువైద్య వాహనాలు ఉన్నవి. బండి వచ్చేలోగా దగ్గరి పశువైద్యుని ఫోనులో అడగండి. ఆయన నంబరు పాల ధరల పట్టిక పక్కన, పెద్ద అక్షరాలలో గోడ మీద వ్రాయించండి.

మేము కూడా తనిఖీ పుస్తకంలో వ్రాసే వాక్యం మార్చుకున్నాము. "ఎలుకల మందు మూతగల పెట్టెలో గాని, సన్నని గొట్టంలో గాని పెట్టవలెను. కుక్కను వేరుచోట కట్టవలెను. ఉదయమే మిగిలిన మందు లెక్క చూసి పూడ్చవలెను. పొట్లం పారవేయక భద్రపరచవలెను" అని వ్రాస్తున్నాము. కొంచెం పొడుగే, కార్యదర్శులు విసుక్కుంటున్నారని తెలుసు.

పాల వ్యాను రావడానికి ఇంకా పావుగంట ఉన్నది. ఎవరైనా అడగవలసినది ఉంటే అడగండి.