తోటలో చిన్న రైలు

(సంఘ సమావేశమున మిత్రబృందము తరపున చదివిన ప్రసంగ పాఠము)



మేము చిక్కబళ్ళాపురము, చింతామణి, బాగేపల్లి తాలూకాలకు చెందిన కొందరు మిత్రులము. చింతామణి చెంత ఒక మిత్రుని తోటలో కొన్ని యేండ్లుగా ఒక చిన్న రైలు దారిని వేసికొని ఆదివారములందు నడుపుచున్నాము. "పెద్దవారికి ఈ బొమ్మలాట యేల?" అని మమ్ములను అడిగినవారు పెక్కురు. అడుగుట న్యాయమే. ఆ ప్రశ్నకు బదులుగా మా పని యెట్టిదో, దానివలన మేమేమి నేర్చుకొంటిమో, మీనుండి మేమేమి కోరుచున్నామో ఈ పూట విన్నవించుకొందుము.

తోటలో రైలు నడుపుట లోకమున క్రొత్త సంగతి కాదు. ఇంగ్లండు దేశమున సర్ ఆర్థర్ హేవుడ్ అను నాతడు 1874లో డఫీల్డు బ్యాంకు అను తన నివాసము చెంత 15 అంగుళముల గేజిపై మనుష్యులెక్కదగిన రైలును వేయించెను. అది శ్రీమంతుల పని. సామాన్యులకు ఈ వ్యాపకము అందుబాటులోనికి వచ్చినది చాలకాలము తరువాత. జర్మనీలోని న్యూరెంబర్గు నగరమునందలి లేమన్ కంపెనీవారు 1968లో 45 మిల్లీమీటర్ల గేజిపై, ఎండకు వానకు ఓర్చి ఆరుబయట నడువగల బండ్లను ‘ఎల్.జి.బి.’ అను పేర అమ్మకమునకు తెచ్చిరి. నాటినుండి పలు దేశములలో ఇండ్ల వెనుకటి తోటలందు రైళ్ళు తిరుగుచున్నవి. మన దేశమున పూణేలో శ్రీ భావూ జోషిగారు కూర్చిన చిన్న రైళ్ళ మ్యూజియము 1998లో ప్రజలకు తెరువబడినది. అది కప్పు క్రింద నడచునది. మాది ఆకాశము క్రింద నడచునది. ఈ భేదము చిన్నదిగా తోచును గాని, మా కష్టమంతయు, మా సంతోషమంతయు అందులోనే ఉన్నది.

మా రైలు ఏ విలాయతు రైలునకును నకలు కాదు. మన ఊళ్ళ మీదుగా నడచిన నేరోగేజి బండికి నకలు. ఆ దారి వెడల్పు 2 అడుగుల 6 అంగుళములు, అనగా 762 మిల్లీమీటర్లు. నాడు బౌరింగ్‌పేట అని పిలువబడిన బంగారుపేటనుండి కోలారువరకు 1913లో దారి పడినది. ఆ దశకముననే యశవంతపురమునుండి యలహంక, దేవనహళ్ళి, నంది మీదుగా చిక్కబళ్ళాపురమునకును, అచ్చటినుండి శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురముల మీదుగా కోలారునకును చిన్న దారులు కలిసినవి. ఆ కాలమున, 1912 నుండి 1918 వరకు, మైసూరు దివానుగా ఉండినవారు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. వారు జన్మించిన ముద్దేనహళ్ళి చిక్కబళ్ళాపురమునకు కూతవేటు దూరము. వారి వంశమూలము ఆంధ్రదేశపు మోక్షగుండము గ్రామము. ఈ సంగతి మన ఇండ్లలో తెలియనివారుండరు.

ఇరువదవ శతాబ్ది ముగియులోగా చిన్నబండి మననుండి సెలవు పుచ్చుకొన్నది. చిక్కబళ్ళాపురము, కోలారుల నడుమ సుమారు 85 కిలోమీటర్ల మేర బ్రాడ్‌గేజి పని పూర్తియై రైళ్ళు తిరిగి నడచినది 2013లో. నందిహాల్టు, దేవనహళ్ళి మొదలగు పాత స్టేషను కట్టడములను ఇటీవల బాగుచేసినారు. గోడలు నిలిచినవి, సంతోషము. కాని ఆ గోడల నడుమ పని యెట్లు జరిగెడిదో గోడలు చెప్పజాలవు. దానిని చెప్పుటకు పని చేసి చూపుటొక్కటే దారియని మాకు తోచినది.

ఇక కొలతల మాట. మా పట్టాల నడుమ ఎడము 45 మిల్లీమీటర్లు. 762ను 45చే భాగించిన సుమారు 17 వచ్చును. కనుక మా ఇంజనులు, పెట్టెలు, స్టేషన్లు అన్నియు అసలుకు 17వ వంతు. ఆరడుగుల మనిషి మా ప్లాట్‌ఫారముపై సుమారు నాలుగంగుళములు నిలుచును. ఈ లెక్కన చిక్కబళ్ళాపురము నుండి కోలారువరకు గల దారిని ఉన్నదున్నట్లు వేయవలెనన్న 5 కిలోమీటర్లు కావలెను. మాకు దొరికిన దారి సుమారు 60 మీటర్లు. అసలు కొలతలో ఒక్క కిలోమీటరు! కావున చిక్కబళ్ళాపురము, శిడ్లఘట్ట, చింతామణి, కోలారు అను నాలుగు స్టేషన్లను మాత్రము నిలుపుకొని తక్కినవానిని మనసులో దండము పెట్టి విడిచినాము.

వేగమునకును ఇదే లెక్క. గంటకు 24 కిలోమీటర్లు పోవు బండి మా తోటలో సెకనుకు 40 సెంటీమీటర్లకు మించి పోరాదు. పిల్లలు మొదటి దినమున దీనిని ఓర్వరు, బాణమువలె తోలవలెనందురు. మూడవ ఆదివారమునకు బండి ప్రక్క నెమ్మదిగా నడచుట అలవాటగును. అప్పుడే వారికి చక్రముల క్రింద పట్టా అతుకుల సద్దు వినిపించును.

నేలపని కొంత వివరింతుము. మనది ఎర్రమట్టి. వానకు కరగును, ఎండకు బీటలువారును. అందుచే జానెడు లోతు త్రవ్వి, గట్టిపరచి, పైన రాళ్ళ క్వారీలలో దొరకు సన్నజల్లి పరచినాము. కట్టకు ఇరుప్రక్కల నీరు జారుటకు కాలువలు తీసినాము. మన సీమలో సెప్టెంబరు, అక్టోబరు మాసముల వానలే పెద్దవి. ఆ వానలకు నిలిచిన కట్టయే కట్ట. ఎత్తు ఎక్కుచోట 50 మీటర్లకు ఒక మీటరు, అనగా మీటరుకు రెండు సెంటీమీటర్లకు మించి వాలు ఉండనీయలేదు. అంతకు మించిన యెడల చిన్న ఇంజను నాలుగు పెట్టెలను లాగలేక చక్రములు జారును.

పట్టాలు ఇత్తడివి. పది మీటర్ల ఇత్తడి పట్టా 30 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 6 మిల్లీమీటర్లు సాగును. ఉదయపు చలికిని చైత్రమాసపు మధ్యాహ్నమునకును పట్టా వేడిలో అంతటి భేదము మన ఊళ్ళలో సులభముగా కలుగును. అతుకుల నడుమ సందు విడువని దారి మధ్యాహ్నమునకు పామువలె వంకరపోవును. కావున ప్రతి అతుకునను గోరంత సందు విడిచినాము. పెద్ద రైలు దారులు వేసినవారు ఇదే విద్యను ఎన్ని మైళ్ళ పొడవున చేసిరో తలచుకొన్నపుడు, పేరు తెలియని ఆ గ్యాంగు కూలీలపై మాకు గౌరవము హెచ్చినది.

మా ఇంజనులలో ఒకటి నిజముగా ఆవిరితో నడచును. దాని బాయిలరు రాగిది. దానిని మొదట చన్నీటితో నింపి, పనిచేయు ఒత్తిడికి రెండింతల ఒత్తిడి పెట్టి పరీక్షించిన పిమ్మటనే నిప్పు పెట్టుదురు. ఒత్తిడి మితిమీరకుండ సేఫ్టీవాల్వు ఉండును. నిప్పు దగ్గర ఒక పెద్దవారు లేక పిల్లలను నిలువనీయము. ఇక నీటి సంగతి మీకు వేరుగా చెప్పనక్కరలేదు. మన బోరుబావులు ఎంత లోతునకు పోయినవో, ఆ నీరెంత కఠినమో ప్రతి ఇల్లాలికిని పప్పు ఉడుకునప్పుడు తెలియును. ఆ నీరు పోసిన బాయిలరులో సున్నపు పెచ్చు కట్టును. అందుచే వానకాలమున చూరునీరు పట్టి, వడగట్టి, సీసాలలో నిలువచేసికొందుము. బిందెడు వాననీరు మా ఇంజనుకు నెలలతరబడి చాలును. దాని విలువ మాత్రము మాకు బిందెతో తీరలేదు.

ఇంతవరకు చెప్పినది ఒంటరిగా ఒక్కడును చేయగల పని. రైలును నడుపుటకు మాత్రము నలుగురు కావలెను. మాది ఒంటి దారి. ఎదురెదురుగా రెండు బండ్లు వచ్చిన యెడల ఏదో యొక స్టేషనున ఒకటి నిలిచి, రెండవదానికి దారి ఈయవలెను. మన దేశమున ఒంటి దారులపై ఏండ్ల తరబడి వాడిన గుండు టోకెను పద్ధతిని మేము పాటించుచున్నాము. అసలు పద్ధతిలో రెండు స్టేషన్లయందును రెండు యంత్రములు విద్యుత్తీగచే కలుపబడి యుండును. ఆ రెంటినుండియు ఒక సమయమున ఒక్క గుండు మాత్రమే వెలికి వచ్చును. ఆ గుండు చేతికి రానిదే డ్రైవరు బండి కదల్పరాదు. మా తోటలో యంత్రములు లేవు. స్టేషనుకు స్టేషనుకు నడుమ ఒక్కొక్క రంగు పూసిన ఒక్కొక్క గుండు ఉన్నది. గుండు ఎవరి చేతనున్నదో దారి వారిది. ఇంజను కొన్నది ఎవరు, తోట ఎవరిది, వయసున పెద్ద ఎవరు అను ప్రశ్నలకు అక్కడ తావు లేదు. బ్యాంకు ఉద్యోగమునుండి విశ్రాంతి పొందిన పెద్దమనిషి, ఎనిమిదవ తరగతి పిల్లవాడు గుండు అందించువరకు చింతామణి స్టేషనున ఓపికతో కాచుకొని యుండును. స్నేహితుల మధ్య మాట పట్టింపులు రావని మేమనము. వచ్చినపుడు తీర్పు మనుష్యులది కాక నియమముది అగుటచే అవి సాయంకాలమునకు మిగులవు.

స్టేషను మాస్టరు తెలుగున కేక వేయును, గార్డు కన్నడమున బదులిచ్చును, బండి ఆగదు. అయితే ఒక ఏర్పాటు మాత్రము ఉద్దేశపూర్వకముగా చేసినాము. బండి వచ్చిన వేళ, పోయిన వేళ వ్రాయు రిజిస్టరు తెలుగు లిపిలోనే ఉండవలెను. మన ఇండ్ల పిల్లలు తెలుగు చక్కగా మాటలాడుదురు. బడిలో కన్నడము, ఇంగ్లీషు చదువుటచే పలువురకు తెలుగు అక్షరము రాదు. స్టేషను మాస్టరు పదవి కావలెనన్నచో ఊళ్ళ పేర్లు తెలుగున వ్రాయవలెను. ఎవ్వరిని బలవంతపెట్టలేదు. ‘శిడ్లఘట్ట’ అని తప్పులేకుండ వ్రాయుటకు ఒక బాలిక రెండు వారములు సాధన చేసి పచ్చజెండా చేతబట్టినది.

ఇప్పుడు మమ్ములను మిక్కిలిగా కలవరపెట్టిన సంగతి చెప్పుదుము. మా బృందమున బాగేపల్లివారు కలరు. కట్ట మోయుటలో, రాళ్ళు పరచుటలో వారి వంతు ఎవరికిని తీసిపోదు. కాని బాగేపల్లి పట్టణమునకు నేరోగేజి రాలేదు. నేటికిని ఏ గేజియు రాలేదు. హైదరాబాదు, బెంగుళూరు పెద్దరోడ్డు వారి ఊరి మీదుగా పోవును గాని, రైలు ఎక్కవలెనన్న వారు పరుగు చేసి చిక్కబళ్ళాపురమో, హిందూపురమో చేరవలెను. అట్లయిన మా తోటలో బాగేపల్లికి స్టేషను ఉండవలెనా, వలదా?

కొందరు ఉండవలెననిరి: కలిసి పనిచేసినవారి ఊరు లేని దారి ఉమ్మడి దారి యెట్లగును? కొందరు కూడదనిరి: లేనిదానిని ఉన్నట్లు చూపినచో, రేపు పిల్లలు అదే చరిత్రయని నమ్ముదురు, అప్పుడు ఉండిన నాలుగు స్టేషన్ల మాటయు అనుమానమున పడును. ఇరువైపులను న్యాయమున్నది. వాదము రెండు నెలలు సాగినది. తుదకు దారి చూపినవారు బాగేపల్లి మిత్రులే. "మా ఊరికి బొమ్మ రైలు తెచ్చి మమ్ములను తృప్తిపరచవలదు. కట్ట వేయుడు, చిత్రావతిపై వంతెన కట్టుడు, పట్టాలు మాత్రము వేయవలదు. నిజముగా మా ఊరికి పట్టా పడిన నాడు ఇచ్చటను వేయుదము" అనిరి.

అట్లే చేసినాము. చిక్కబళ్ళాపురము స్టేషను దాటిన పిమ్మట ఒక కట్ట ఉత్తరమునకు చీలి, అరచేతి వెడల్పున చిత్రావతిని దాటి, గరికగడ్డి నడుమ ముగియును. తోట చూడవచ్చిన ప్రతి పిల్లవాడును తక్కిన రైళ్ళనన్నిటిని విడిచి, "ఈ దారి ఎక్కడికి పోవును?" అని దానినే అడుగును. బాగేపల్లివారు ముందుకు వచ్చి తామే బదులు చెప్పుదురు. ఉండినది, ఉన్నది, కావలసినది అను మూడింటిని వేరువేరుగా చూపగలిగితిమని మా తృప్తి. మన సీమను గూర్చి మనము చెప్పుకొను ఏ మాటకైనను ఈ నియమము మంచిదని మా నమ్మకము.

ఇక మా కోరిక. చిన్నబండి ఎక్కి సంతకు, బడికి, పెండ్లికి పోయినవారు ఈ సభలో ఇంకను ఉన్నారు. ఏ స్టేషనున ఇంజనుకు నీరు పట్టెడివారు, చింతామణిలో ఏ వేళకు బండ్లు ఎదురుపడెడివి, పెట్టెలకు ఏ రంగుండెడిది, టిక్కెట్టు ఎంత, పట్టుగూళ్ళ మూటలు ఏ పెట్టెలో వేసెడివారు అను సంగతులు మాకు కావలెను. పెద్దలు చెప్పుడు, మనుమలు వ్రాయుడు; తెలుగున వ్రాసిన మరియు మేలు. చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు వేరుపరచి వ్రాయవలెనని మాత్రము ప్రార్థన. పాత ఫోటోలు ఇంటనున్నచో చూపుడు. నకలు తీసికొని ఆ క్షణముననే తిరిగి ఇత్తుము.

తోటకు ఎవరైనను రావచ్చును. రుసుము లేదు. వచ్చినవారికి ఏదో యొక పని అప్పగింపబడును. ఊరక చూచుటకు మాత్రము మా దారిలో చోటు తక్కువ.